చిన్నా, ‘లైక్’ కనబడగానే టిక్కు పెట్టకు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు పంపిన మాదిరి పరీక్ష పేపరు ఫోటోలను పెదనాన్న చేత ఫోనులో పెద్దవి చేయించుకొని రెండుసార్లు చూశాను. ఫిగర్స్ ఆఫ్ స్పీచ్, అంటే ఇంగ్లీషు అలంకారాల మీద 20 ప్రశ్నలు, 7 మార్కులు. బెజవాడ హాస్టల్లో దోమల మధ్య కూర్చొని రాత్రంతా చదివానన్నావు. చదివావనే నమ్ముతున్నాను. నిర్వచనాలు నీకు నా కంటే బాగా వచ్చు. తప్పిన 13 ఎలా తప్పాయో చూస్తే మాత్రం ఒక సంగతి తేలింది. నువ్వు వాక్యం చదవడం లేదు, వాక్యంలో గుర్తుల కోసం వెతుకుతున్నావు. ‘లైక్’ కనబడితే సిమిలీ (పోలిక), ‘ఓ’ కనబడితే అపాస్ట్రఫీ (పిలుపు), ప్రాణం లేనిది ఏ పని చేసినా పర్సానిఫికేషన్ (వస్తువును మనిషిగా చేయడం). కోచింగులో ఇచ్చిన ఆ అరపేజీ చిట్కాల కాగితాన్ని ముందు చించి అవతల పారెయ్యి.

ఈ ఉత్తరంలో ఇంగ్లీషు మాటలను కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ముసలితనపు చాదస్తం అనుకోకు. కారణం ఉంది, అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

మన జిల్లా పేజీలో ఏటా కనబడే రెండు శీర్షికలు తీసుకో. వానాకాలంలో ‘ప్రకాశం బ్యారేజీకి పోటెత్తిన వరద’. మార్చి వచ్చేసరికి ‘యార్డుకు పోటెత్తిన మిర్చి’. రెండింటిలోనూ ఉన్నది ఒకటే మాట, పోటెత్తడం. మొదటి దానిలో అలంకారం ఏమీ లేదు. నీళ్లు పోటెత్తుతాయి, అది వాటి పని. 70 గేట్లూ ఎత్తిన రోజు బ్యారేజీ మీద నిలబడితే ఆ మాటకు అర్థం కాళ్ల కింద తెలుస్తుంది. రెండో దానిలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీల మీద వస్తాయి, హమాలీలు దించుతారు, ఎక్కడా చుక్క నీరు లేదు. అయినా పోటెత్తాయి అన్నాం. అంటే నీరు అని చెప్పకుండానే మిర్చిని నీటిగా చేశాం. అది మెటఫర్.

కాబట్టి అలంకారం మాటలో ఉండదు. ఆ మాటకూ అది చెబుతున్న వస్తువుకూ పొత్తు కుదరని చోట ఉంటుంది. ప్రతి వాక్యం దగ్గరా నువ్వు మొదట అడగవలసింది ‘ఇది ఉన్నది ఉన్నట్టుగా నిజమేనా?’ అని. నిజమే అయితే పెన్ను కింద పెట్టు, ‘ఏదీ కాదు’ అనే జవాబు కూడా కొన్ని పేపర్లలో ఉంటుంది. నిజం కాకపోతే రెండో ప్రశ్న: ‘ఉన్నదానికీ అన్నదానికీ చుట్టరికం ఏమిటి?’ పోలికా, పక్కపక్కన ఉండటమా, ఒకదానిలో ఒకటి భాగమా, ఎదురా, ఉన్నదాన్ని పెంచడమా తగ్గించడమా? పేరు ఆ తరువాత దానంతట అదే నోటికి వస్తుంది. నువ్వు పేరుతో మొదలుపెట్టి వెనక్కి నడుస్తున్నావు.

ఇక నీ పేపరు. మూడో ప్రశ్న ‘గుంటూర్ ఈజ్ యాజ్ హాట్ యాజ్ విజయవాడ’. యాజ్, యాజ్ రెండూ కనబడ్డాయని సిమిలీకి టిక్కు పెట్టావు. నాయనా, రెండూ ఊళ్లే, రెండూ మే నెలలో మాడేవే. ఊరిని ఊరితో సరిచూడటం కొలత అవుతుంది కానీ అలంకారం కాదు. అదే ‘యాజ్ హాట్ యాజ్ ఎ ఫర్నెస్’ అని ఉంటే సిమిలీ. ఊరు వేరు, కొలిమి వేరు. జాతి వేరైన రెండింటికి ఒక గుణంలో మాత్రం పొత్తు కలిపినప్పుడే పోలిక అలంకారం అవుతుంది. ‘హీ లుక్స్ లైక్ హిజ్ ఫాదర్’ అన్నా అంతే, అది వాళ్ల ఇంటి పోలిక. ‘షీ లైక్స్ మ్యాంగోస్’ దగ్గర తప్పు చేయలేదు, అందుకు సంతోషం.

పదో తరగతిలో ఉపమాలంకారానికి నాలుగు అంగాలు బట్టీ పట్టావు గుర్తుందా? ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఆ సామానంతా ఇక్కడ పనికి వస్తుంది. ‘లైక్’ అంటే మన ‘వలె’. ఉపమావాచకం ఊడదీసి ‘అదే ఇది’ అంటే రూపకం, అంటే మెటఫర్. అరిస్టాటిల్ ఇదే మాట 2,300 ఏళ్ల కిందట చెప్పాడు. గ్రీకు వీరుడు అకిలీస్ గురించి ‘సింహంలా దూకాడు’ అంటే సిమిలీ, ‘సింహం దూకింది’ అంటే మెటఫర్, తేడా కొంచెమే అన్నాడు. మన ఆలంకారికుడు అప్పయ్య దీక్షితులైతే ఉపమ అనే నటి ఒక్కతే రకరకాల వేషాలు కట్టి కావ్యరంగం మీద ఆడుతుందన్నాడు. నాకు ఆయన మాటే ఎక్కువ నచ్చుతుంది, కానీ పరీక్షలో వేషాన్నిబట్టే మార్కు.

ఒక్కచోట మాత్రం మన అలంకారశాస్త్రాన్ని నమ్మి మోసపోకు. ‘అన్నట్లుగా’, ‘కాబోలు’ అని ఊహిస్తే మనకు ఉత్ప్రేక్ష అనే వేరే గది ఉంది. ఇంగ్లీషు వాళ్ల బడిపుస్తకాల్లో ఆ గది లేదు. ‘యాజ్ ఇఫ్’, ‘యాజ్ దో’ వచ్చినవన్నీ సిమిలీ ఇంట్లోనే సర్దుకుంటాయి. ఎనిమిదో ప్రశ్నలో నువ్వు తెలుగులో సరిగ్గా ఆలోచించి ఇంగ్లీషులో మార్కు పోగొట్టుకున్నావు. ఆ తప్పుకు నాకు కోపం రాలేదు.

మెటఫర్ అంటే గ్రీకులో అటునుంచి ఇటు మోసుకురావడం. ఏథెన్స్‌లో ఇల్లు మారేవాళ్ల సామాను మోసే లారీల మీద నేటికీ ఆ మాటే రాసి ఉంటుంది. తరగతిలో ఇది చెబితే పిల్లలు ఎప్పటికీ మరచిపోరు, నువ్వు రేపు టీచరువైతే వాడుకో. మోసుకొచ్చిన సామాను ఎప్పుడూ నామవాచకంలోనే ఉండదు. ‘హీ వాజ్ ఎ లయన్’ అంటే ఎవరైనా పట్టుకుంటారు. ‘ద మేనేజర్ బార్క్‌డ్ ఆర్డర్స్’ అన్నప్పుడు కుక్క ఎక్కడా కనబడదు, క్రియలో దాక్కుని ఉంది. పన్నెండో ప్రశ్నలో నువ్వు ఏమీ లేదని వదిలేసింది దీన్నే. క్రియను పట్టుకొని ‘ఇది మామూలుగా ఎవరు చేసే పని?’ అని అడుగు. కుక్క పని మనిషికి అంటగడితే మెటఫర్. మనిషి పనిని వస్తువుకు అంటగడితే పర్సానిఫికేషన్. ‘మిర్చి ధర నేలచూపులు చూస్తోంది’ అని రాస్తారే, అది. ధరకు చూపులు లేవు, తలవంచుకొని నేల చూసేది మనిషి.

ఇప్పుడు అసలు చిక్కు. నువ్వు పోగొట్టుకున్న 13లో 5 ఇక్కడే పోయాయి. ‘ద కెటిల్ ఈజ్ బాయిలింగ్’ అన్న దానికి పర్సానిఫికేషన్ అన్నావు. మరుగుతున్నది కెటిల్ కాదు, లోపలి నీళ్లు. మన ఇంట్లో ‘పొయ్యి మీద గిన్నె పొంగుతోంది, చూడు’ అని మీ అమ్మ అరిస్తే నువ్వు గిన్నె కోసం పరుగెత్తావా, పాల కోసమా? గిన్నె మనిషి కాలేదు, పాలకు మారుగా గిన్నె పేరు చెప్పాం. ఇక్కడ పోలిక అనేదే లేదు, గిన్నెకూ పాలకూ ఏ పోలికా లేదు. ఒకదానిలో ఒకటి ఉండటం వల్ల ఒకదాని పేరు మరొకదానికి అంటింది. దీన్ని మెటానిమీ అంటారు.

మనవాళ్లు దీన్ని అలంకారాల్లో పెట్టలేదు, లక్షణ అని శబ్దవృత్తుల్లో, అంటే మాట అర్థాన్ని ఇచ్చే తీరుల్లో, చెప్పారు. వాళ్ల పాత ఉదాహరణ ‘గంగాయాం ఘోషః’, గంగలో గొల్లపల్లె అని. పల్లె నీళ్లలో ఉండదు, ఒడ్డున ఉంటుంది. అంత దూరం కాశీ వెళ్లనక్కరలేదు. ‘మా ఇల్లు మెయిన్ రోడ్డు మీదే’ అని మనం రోజూ అంటాం, లారీలు మన వంటింట్లోకి రావడం లేదు కదా.

ఈ విషయంలో నా పరువు ఒక పిల్ల తీసింది. సర్వీసులో చేరిన కొత్త, ఎనిమిదో తరగతి. పరీక్ష పేపర్లో ‘ద క్లాస్ లాఫ్డ్ అలౌడ్’ అని వచ్చింది. నాకిచ్చిన జవాబుల కాగితంలో పర్సానిఫికేషన్ అని ఉంది. ఆ పిల్ల మెటానిమీ అని రాసింది. నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. పేపర్లు పంచిన రోజు చివరి బెంచీ నుంచి లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. నూనె రాసిన రెండు జడలు, చేతిలో మడత పెట్టిన పేపరు. గొంతు వణుకుతోంది కానీ మాట స్పష్టంగా ఉంది. ‘నవ్వింది గది కాదు టీచర్, మేము.’ అంతే అంది. నేను ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. గోడలు నవ్వితే పర్సానిఫికేషన్. పిల్లలు నవ్వితే, పిల్లలకు బదులు తరగతి పేరు చెబితే, పిల్ల రాసిందే సరి. కొట్టేసిన దాని మీద మళ్లీ టిక్కు పెట్టి పక్కన సంతకం చేశాను. జవాబుల కాగితం తయారు చేసిన పెద్దమనిషికి చెబితే ఆయన ‘మనకెందుకమ్మా’ అన్నారు. ఆ రోజు నుంచి నేను ఏ జవాబుల కాగితాన్నీ కళ్లు మూసుకొని నమ్మలేదు.

అందుకని నీకు ఒక పని. వస్తువు ఏదో చేసినట్టు కనబడినప్పుడు దాని స్థానంలో మనుషులను పెట్టి చూడు. ‘ఢిల్లీ ఒప్పుకోలేదు’లో ఢిల్లీ తీసి ప్రభుత్వం అని పెట్టు, వాక్యం చెక్కుచెదరదు. కాబట్టి మెటానిమీ. ‘ద విండ్ విస్పర్డ్’లో గాలి తీసి ఎవరిని పెడతావు? ఎవరూ లేరు. గాలే మనిషైంది, కాబట్టి పర్సానిఫికేషన్. ‘యార్డు ఊపిరి పీల్చుకుంది’ అన్న శీర్షిక మాత్రం రెండు వైపులా మొగ్గుతుంది. వ్యాపారులు ఊపిరి పీల్చుకున్నారనీ చదవవచ్చు, యార్డుకే ఊపిరి ఉన్నట్టూ చదవవచ్చు. అటువంటిది పరీక్షలో వస్తే ఇచ్చిన నాలుగింటిలో ఏది ఉందో అది పెట్టు. రెండూ ఉంటే పేపరు తయారు చేసినవాళ్లను తిట్టుకొని ముందుకు వెళ్లు.

మెటానిమీకి సొంత చెల్లెలు ఉంది, పేరే పిల్లలను భయపెడుతుంది, సినెక్డకీ. భాగం పేరు చెప్పి మొత్తాన్ని సూచించడం, లేదా మొత్తం చెప్పి భాగాన్ని. పొలంలో ‘ఇంకో నాలుగు చేతులు కావాలి’ అంటే మనుషులు కావాలనే కదా. ఇంగ్లీషువాడు ‘హైర్డ్ హ్యాండ్స్’ అంటాడు. వాడికి తిండి అంటే బ్రెడ్, ‘డైలీ బ్రెడ్’. మనకు ‘నాలుగు మెతుకులు తిని వెళ్లు’. ఆ నాలుగు మెతుకులతో ఎవరి కడుపూ నిండదని తినేవాడికీ తెలుసు, పెట్టేవాళ్లకూ తెలుసు. అక్కాచెల్లెళ్లను వేరుచేయడానికి నేను తరగతిలో ఒక మోటు పద్ధతి వాడేదాన్ని. ‘క్రౌన్’ అంటే రాజు. కిరీటం తీసి బల్ల మీద పెట్టవచ్చు, అది ఒంటిలో భాగం కాదు, మెటానిమీ. ‘హ్యాండ్’ అంటే పనివాడు. చెయ్యి తీసి బల్ల మీద పెట్టలేం, సినెక్డకీ. పిల్లలు ముఖం చిట్లించేవాళ్లు, కానీ ఆ తరువాత తప్పు రాసేవాళ్లు కాదు.

అపాస్ట్రఫీ సంగతి. ‘ఓ, వాట్ ఎ హాట్ డే!’ అన్నదానికి దాన్ని పెట్టావు. అక్కడ ఎవరినీ పిలవడం లేదు, ఉక్క భరించలేక అన్న మాట, ఎక్స్‌క్లమేషన్. అపాస్ట్రఫీ అంటే ఎదుట లేనివాళ్లనో, చనిపోయినవాళ్లనో, బదులు పలకలేని వస్తువునో ఎదుట ఉన్నట్టు పిలవడం. ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ 1802లో, 1674లోనే పోయిన మరో కవి మిల్టన్‌ను పేరుపెట్టి పిలిచి, నువ్వు ఇప్పుడు బతికి ఉండవలసింది అంటాడు. ఆ పిలుపు ముందు ‘ఓ’ లేదు. కాబట్టి ‘ఓ’ను కాదు, పిలుపును వెతుకు. పైన కొమ్ములా పెట్టే విరామ చిహ్నానికీ ఇదే పేరు ఉండటం ఇంగ్లీషు చేసిన అన్యాయాల్లో ఒకటి.

ఇక తెలుగు అక్షరాల సంగతి. అలిటరేషన్, అంటే ఒకే హల్లు మళ్లీ మళ్లీ వినబడే అనుప్రాస, ఆ ప్రశ్నలు రెండూ తప్పావు. ‘సిటీ క్యాట్స్’లో రెండు మాటలూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి, అందుకని నువ్వు అవునన్నావు. ‘కైండ్ క్యాట్స్’లో వేర్వేరు అక్షరాలు, అందుకని కాదన్నావు. రెండూ తిరగబడ్డాయి. అనుప్రాస కంటిది కాదు, చెవిది. ఇంగ్లీషు లిపి చెవిని మోసం చేస్తుంది, మన లిపి చేయదు. అనుమానం వచ్చినప్పుడల్లా వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకో. స, క పక్కపక్కన కనబడితే అలిటరేషన్ కాదు. క, క కనబడితే అవును. పలకని అక్షరాలు కూడా అక్కడ రాలిపోతాయి, ‘నైట్’, ‘నైఫ్’, ‘నీల్’ అన్నీ బుద్ధిగా న కింద చేరుతాయి. 30 ఏళ్ల పాటు పిల్లలకు ఇంగ్లీషును తెలుగులో రాసుకోవద్దని బెత్తం పట్టుకొని చెప్పినదాన్ని నేనే, ఈ ఒక్క పనికి మాత్రం రాసుకోమంటున్నాను. ఒక హద్దు గుర్తుంచుకో. మన వృత్త్యనుప్రాసలో హల్లు మాటలో ఎక్కడ వచ్చినా లెక్కే. ఇంగ్లీషు బడిలెక్కలో మాట మొదట రావాలి, మధ్యలోవీ చివరివీ కాన్సొనెన్స్ పద్దులోకి వెళ్తాయి.

శ్లేషకు పన్ అని పేరు. బెజవాడను బ్లేజ్‌వాడ (బ్లేజ్ అంటే మంట) అనడం అదే బాపతు. నువ్వు ఉన్న ఊరే కనుక మరచిపోవు.

మిగిలినవి నీకు తెలియనివి కావు, రోజూ నోటితో అంటున్నవే. బియ్యం అయిపోతే మనం అయిపోయాయి అనం, ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరితే ‘కొండెక్కింది’. గాజు పగిలితే ‘పెరిగింది’. చెడ్డ మాట నోట పలకకూడదని మంచి మాట కప్పడం, అదే యూఫమిజమ్. వాళ్లు మనిషి పోతే ‘పాస్డ్ అవే’ అంటారు. మన అటకల మీద ఉన్నన్ని ఉదాహరణలు వాళ్ల పుస్తకాల్లో కూడా లేవు. ‘వెయ్యిసార్లు చెప్పాను’ అని మీ అమ్మ అంటే హైపర్బొలీ. చివర బోల్ అనకు, బొలీ అను, ఇంటర్వ్యూలో నవ్వుతారు. ‘బహిరంగ రహస్యం’ ఆక్సీమోరాన్, రెండు ఎదురు మాటలు ఒకే గొలుసులో. ఆ ఎదురు ఒక్క పదబంధంలో కాక వాక్యమంతా ఉండి, విన్నప్పుడు అబద్ధంలా తోచి ఆలోచిస్తే నిజమైతే ప్యారడాక్స్. ‘తానొకటి తలిస్తే దైవమొకటి తలచును’ అన్నట్టు రెండు సగాలు ఎదురెదురుగా తూగితే యాంటిథెసిస్. ‘నిద్రలేని రాత్రి’లో నిద్ర లేనిది రాత్రికి కాదు, మనకు, విశేషణం పక్కింటికి వెళ్లి కూర్చుంది, ట్రాన్స్‌ఫర్డ్ ఎపిథెట్.

లైటోటీస్ దగ్గర కొంచెం ఆగు. ఉన్నదాన్ని ‘కాదు’తో తగ్గించి చెప్పి, నిజానికి పెంచడం. ఇంగ్లీషువాడి ‘నాట్ బ్యాడ్’. మనకు ‘వాడు తక్కువవాడేమీ కాదు’. దీనికీ ఐరనీకీ పిల్లలు తికమకపడతారు. లైటోటీస్‌లో అన్నవాడి మనసూ మాటా ఒకే వైపు ఉంటాయి, గొంతు మాత్రం తగ్గుతుంది. ఐరనీలో మాట ఇటు, మనసు అటు. ఒకే వాక్యం సందర్భాన్ని బట్టి ఇదీ కావచ్చు, అదీ కావచ్చు. అందుకే ప్రశ్నలో ఒక్క వాక్యమే ఇచ్చి ఐరనీయా అని అడిగేవాళ్లంటే నాకు పడదు.

వచ్చే ఆదివారం వరకు కొత్త మాదిరి పేపర్లు ఏవీ రాయకు. రోజూ ఉదయం పేపర్లో మార్కెట్ పేజీ, క్రికెట్ పేజీ చదువు. అలంకారాలు దట్టంగా పండేది ఆ రెండు చోట్లే. ‘ఎర్ర బంగారం’, ‘ధరలకు రెక్కలు’, ‘బౌలర్లను ఉతికి ఆరేశాడు’, అన్నీ అక్కడే దొరుకుతాయి. రోజుకు 5 ఏరి, ప్రతిదాని పక్కన ఉన్నది ఏమిటి, అన్నది ఏమిటి, రెంటికీ చుట్టరికం ఏమిటి అని మూడు ముక్కలు రాయి. పేరు చివర రాయి. పేరు తోచకపోతే ఖాళీ వదిలెయ్యి, నేను చూస్తాను. సాయంత్రం లెనిన్ సెంటర్ వైపు వెళ్తే పాత పుస్తకాల కొట్లలో ఇంగ్లీషు పద్యాల బడిపుస్తకం ఏదైనా ఒకటి కొనుక్కో, ఎవరిదైనా ఫరవాలేదు, ముందటి యజమాని పెన్సిలు గీతలు ఉంటే మరీ మంచిది. వాడు ఎక్కడెక్కడ తప్పు గుర్తించాడో పట్టుకోవడం మంచి కసరత్తు.

నీకోసం గోంగూర పచ్చడి సీసాలో పెట్టి ఉంచాను, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. పెదనాన్న నీ 20కి 7 చూసి కళ్లజోడు తుడుచుకొని ‘మనవాడు తక్కువవాడేమీ కాదు’ అన్నారు. అది లైటోటీసా, ఐరనీయా, కారణంతో సహా రాసి తీసుకురా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ